ఆవుకు మాన్యం అక్కర్లేదు: గుడి పుట్టిన కథ లోపల ఏముంటుంది?

రాపూరు దాటి పెంచలకోన వైపు పోతుంటే, అసలు గుడి ఇంకా రాకముందే దారిలో ఒక చిన్న గుడి వస్తుంది. గొల్లబోయ గుడి. చిన్నప్పుడు మా జేజితో పోయినప్పుడల్లా అక్కడ ఆగాల్సిందే. ఆమె ఒక టెంకాయ కొట్టి, చిప్ప నా చేతిలో పెట్టి, "ఇంక వెనక్కి తిరిగి చూడబాక నాయనా" అనేది.

ఎందుకు చూడకూడదో అప్పటికే చాలాసార్లు విన్నాను. కోనలో గొర్రెలు మేపుకునే ఒక గొల్లాయనకు ఎవరో ముసలాయన కనిపించాడు. "నేనిక్కడ వెలిశాను. పోయి ఊళ్ళో చెప్పు. పోయేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి చూడొద్దు" అన్నాడు. గొల్లాయన నాలుగడుగులు వేశాడు. వెనక ఏదో పెద్ద చప్పుడయింది. ఉండబట్టలేక తిరిగాడు. తిరిగినవాడు తిరిగినచోటే రాయైపోయాడు.

నాకు ఒకటే అనుమానం. రాయైపోయినవాడు ఊళ్ళోకి వెళ్ళి కబురు ఎట్లా చెప్పాడు? జేజిని అడిగితే "నోరు మూసుకుని నడువు" అంది.

అది చొప్పదంటు ప్రశ్న కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. గుడి పుట్టిన కథలో ఎక్కడ అతుకు కనిపిస్తుందో అక్కడే ఆగి చూడాలి. కథ అబద్ధమని తేల్చడానికి కాదు. ఆ అతుకు దగ్గర ఎవరో ఒకరి కథ ఆగిపోయి, ఇంకొకరి కథ మొదలవుతుంది.

ఒకే కోన, నాలుగు కథలు

పెంచలకోన నెల్లూరు జిల్లాలో వెలిగొండల అంచున ఉంది. దేవుడు పెనుశిల లక్ష్మీనరసింహస్వామి. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు ఆయన పలుకుబడి గురించి చెప్పక్కర్లేదు. నెల్లూరు బస్టాండులో నిలబడి "పెంచలయ్యా" అని గట్టిగా ఒక కేక వేస్తే కనీసం ముగ్గురు వెనక్కి తిరిగి చూస్తారు.

ఈ గుడి ఎట్లా పుట్టిందని అడిగితే నిజానికి నాలుగు కథలు వినిపిస్తాయి. చెప్పేవాళ్ళు వాటిని ఒకే దారానికి గుచ్చి చెబుతారు గనక మనకు ఒకటే కథలా అనిపిస్తుంది. మొదటిది గొల్లబోయది. రెండోది చెంచులక్ష్మిది. హిరణ్యకశిపుణ్ణి చంపిన కోపం చల్లారక నరసింహుడు అడవులు పట్టి తిరుగుతూ ఈ కొండల్లోకి వచ్చాడు. ఇక్కడొక చెంచుపిల్ల కనిపించింది. ఉగ్రం దిగింది, మనసు పడ్డాడు, పెళ్ళాడాడు. ఇద్దరూ పెనవేసుకుని శిలగా నిలిచారు. గర్భగుడిలో ఉన్నది ఆ శిలేనని నమ్మకం. మూడోది ఆదిలక్ష్మిది. మొగుడు ఇంకొకామెను కట్టుకున్నాడని తెలిసి పెద్దామెకు ఒళ్ళు మండింది. వాగు దాటి అవతలికి పోయి అక్కడే ఉండిపోయింది. ఇప్పటికీ ఆమె గుడి విడిగా, వాగుకు అవతలే ఉంటుంది. నాలుగోది కణ్వ మహర్షిది. ఆయన ఇక్కడ తపస్సు చేశాడని, ఆయన పేరు మీద ఏరు కణ్వలేరు అయిందని, అదే జనం నోళ్ళలో నలిగి కండలేరు అయిందని చెబుతారు. ఆ కండలేరు మీద కట్టిన రిజర్వాయరు నుంచే ఇవాళ తెలుగుగంగ నీళ్ళు చెన్నైకి పోతున్నాయి. మహర్షి ఇంత దూరం ఆలోచించి ఉండడు.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడు గొర్రెల కాపరి. ఒకామె అడవిలోని చెంచుల ఆడపడుచు. ఒకామె వైకుంఠం నుంచి వచ్చిన మహాలక్ష్మి. నాలుగో ఆయన సంస్కృత పురాణాల ఋషి. ఒకే కాలంలో ఒకే నోట పుట్టిన కథైతే ఇంతమందితో పని లేదు. కోన మాది అనుకున్న ఒక్కో గుంపు తన తరఫున ఒక మనిషిని కథలోకి పంపింది.

చెంచులక్ష్మి కథ పెంచలకోనకే సొంతం కూడా కాదు. అహోబిలంలోనూ ఇదే చెబుతారు. శ్రీశైలం అడవుల్లో చెంచులు మల్లికార్జునుణ్ణి చెంచు మల్లయ్య అని ఇంటి అల్లుడి కింద లెక్కవేస్తారు. కడపలో ఉగాదినాడు వెంకన్న గుడికి వచ్చే ముస్లింలు బీబీ నాంచారి పుట్టింటి వరసలో ఆయన్ను అల్లుడంటారు. దేవుణ్ణి మనవాణ్ణి చేసుకోవడానికి మన దగ్గర చుట్టరికాన్ని మించిన దారి లేదు. అల్లుడైతే ఇంటికి వచ్చే హక్కు ఆయనకు ఉంటుంది, సారె పెట్టే హక్కు మనకు ఉంటుంది.

అల్లుడిగా కలుపుకున్నారు సరే, మరి మొదటి భార్య మాటేమిటి? అక్కడ వాగు అక్కరకొచ్చింది. అడవిలోని అమ్మవారిని తీసేయడానికి వీల్లేదు, ఆగమాలు చెప్పే అమ్మవారిని వదిలేయడానికీ వీల్లేదు. ఇద్దరినీ ఒకే కప్పు కింద పెడితే ఎవరు పెద్ద అన్న తగువు. కాబట్టి కథ ఆమెను అలిగించి, మధ్యన నీళ్ళు పారించింది. భక్తులకు మాత్రం రెండు చోట్లకూ పోక తప్పదు. "స్వామి దగ్గర అర్జీ పెట్టుకుంటే చాలదు, అవతల పెద్దామె సంతకం కూడా పడాల" అనేది మా జేజి. రెండు పూజాపద్ధతుల మధ్య రాజీని ఇంతకంటే బాగా చెప్పిన పండితుణ్ణి నేను చూడలేదు.

ఇప్పుడు గొల్లబోయ దగ్గరికి రండి. చెంచుపిల్ల గర్భగుడిలోకి వెళ్ళింది. గొల్లాయన దారిలోనే ఉండిపోయాడు. దేవుణ్ణి అందరికంటే ముందు చూసినవాడు అతనే, కానీ రాయైపోయాడు. రాయికి దండం పెట్టొచ్చు, టెంకాయ కొట్టొచ్చు. అది మాత్రం "నేనే ముందు చూశాను, నా వాటా ఏదీ" అని అడగదు. అతను ఊళ్ళోకి వెళ్ళి కబురు చెప్పలేదు గనక, ఆ కబురు చెప్పే అధికారం అతని తర్వాత వచ్చినవాళ్ళది అయింది. చిన్నప్పుడు నాకు అడ్డం తగిలిన అతుకు ఇదే. ఇది నా లెక్క మాత్రమే సుమా, కోనలో ఎవరినడిగినా ఇట్లా చెప్పరు.

కాపరి ఊరికే కథ కోసం పుట్టించిన మనిషి కూడా కాదు. రాపూరు, ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు వైపంతా మెట్ట. గొర్రెలే బతుకుతెరువు. పల్ల, జోడిపి, దొర అని రకాలుగా విడదీసే నెల్లూరు జాతి గొర్రెలకు దేశమంతా పేరుంది. కొండల్లో ఏ బండ ఎక్కడుందో, ఏ గుండంలో ఎండాకాలం కూడా నీళ్ళు నిలుస్తాయో తెలిసినవాడు కాపరే. ఇంకో సంగతి. మన పాత శాసనాల్లో మందలు కాసే బోయల పేర్లు గుడి లెక్కల్లోనే కనిపిస్తాయి. అఖండదీపానికి నెయ్యి కావాలి. దాత ఒక మందను గుడికి ఇస్తాడు. మందను బోయకు అప్పజెబుతారు. అతను రోజుకు మానెడు నెయ్యి తెచ్చి పొయ్యాలి. కోస్తాలో చాలా గుళ్ళ రాళ్ళ మీద ఈ మాటే మళ్ళీ మళ్ళీ చెక్కి ఉంటుంది. అంటే కాపరికీ గుడికీ మధ్య ఉన్నది అద్భుతమే కాదు, నెయ్యి లెక్క కూడా.

ఇంకాస్త వెనక్కి పోతే అద్దంకి పండరంగని శాసనం, 9వ శతాబ్దం నడుమది, తరువోజ అనే తెలుగు ఛందస్సులో పద్యమున్న శాసనం. తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలు, అంటే బోయల స్థావరాలు, గెలిచాడని అందులో ఉంది. ఆదిత్యభట్టారకుడికి పుట్లతో కొలిచి భూమి ఇచ్చినట్టూ ఉంది. బోయకొట్టాలు ఓడిపోయిన సంగతి రాతి మీదికి ఎక్కింది, ఆ నేల దేవుడి లెక్కలోకి వెళ్ళింది. దానికీ పెంచలకోన గొల్లబోయకూ నేరుగా చుట్టరికం కలపను. ఒకే ఇంటిపేరు విన్నప్పుడు మనసు అటు పోతుంది, అంతే.

పేరు నుంచి కథా, కథ నుంచి పేరా

పెనుశిల అంటే మామూలు తెలుగులో పెద్ద బండ. పెను అన్నది మనమాట, శిల అన్నది సంస్కృతం. కొండల్లో పెద్ద బండను చూసి పెద్ద బండ అనడంలో వింతేమీ లేదు. పెనవేసుకున్న శిల అన్న అర్థం తర్వాత వచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది, కానీ వచ్చాక అదే గెలిచింది. ఎందుకంటే పెద్ద బండ అన్న పేరు ఏ కథా చెప్పదు.

జొన్నవాడ కూడా అట్లాంటిదే. పెన్న ఒడ్డున బుచ్చిరెడ్డిపాళెం వైపు ఉన్న ఊరు. కామాక్షితాయి గుడితో నెల్లూరు చుట్టుపక్కల ఇంటింటికీ తెలిసిన పేరు. వినగానే జొన్నలు గుర్తొస్తాయి. స్థలపురాణం మాత్రం ఒప్పుకోదు. కశ్యప మహర్షి ఇక్కడ యజ్ఞం చేశాడు, ఇది యజ్ఞవాటిక, అది జన్నవాడ అయింది, తర్వాత జొన్నవాడ అయింది అంటుంది. యజ్ఞం జన్నం కావడం భాష ప్రకారం సరైనదే, తప్పు పట్టడానికి లేదు. జొన్న చేనున్నచోట వాడ వెలిస్తే జొన్నవాడ కావడమూ సరైనదే. రెండింట్లో ఏది ముందో భాష ఒక్కటే తేల్చలేదు.

నెల్లూరు పేరు మీద ఉన్న గొడవ తెలిసిందే. నెల్ అంటే తమిళంలో వడ్లు, నెల్లి అంటే ఉసిరి. వడ్లు పండే ఊరంటే ఎవరూ కాదనరు, పెన్న కింద మాగాణి కళ్ళముందే ఉంది. కానీ మూలాపేట మూలస్థానేశ్వరుడి కథకు ఉసిరిచెట్టు కావాలి. ఆ చెట్టు కిందే దేవుడు బయటపడ్డాడు. కాబట్టి కథ చెప్పేవాళ్ళంతా ఉసిరి పక్షమే.

మనకు ఇక్కడ ఒక అలవాటుంది. సింగరాయకొండ పేరు చూడండి. సింగరాయడంటే నరసింహుడే, సింహం సింగమైంది, రాయుడు తోడయ్యాడు. ఎంత ముద్దుగా ఉంది! ఫ్లెక్సీ మీద మాత్రం వరాహ లక్ష్మీనరసింహస్వామి అని ఉంటేనే మనకు తృప్తి. కందుకూరును స్కందపురి అంటాం, నరసింహకొండను వేదగిరి అంటాం. ఊరి పేరుకు పట్టుపంచె కడితే గుడి వయసు తనంతట తనే పెరుగుతుంది.

ఆవు ఎందుకు సాక్షి

మూలస్థానేశ్వరుడి కథలో ముక్కంటిరెడ్డి అనే పెద్ద రైతు ఉంటాడు. ఆయన మందలో ఒక ఆవు సందెవేళ పాలివ్వదు. కాపరి కనిపెట్టి చూస్తే, ఆవు ఉసిరిచెట్టు కింద ఒక రాతి మీద నిలబడి పాలు ధారగా వదిలేస్తోంది. కోపంతో కొట్టాడు. రాతి నుంచి రక్తం వచ్చింది. రాత్రి రెడ్డికి కలలో శివుడు కనిపించి గుడి కట్టించమన్నాడు. పేర్లు మార్చి, ఉసిరి బదులు పుట్ట పెట్టి, శివుడి బదులు విష్ణువును పెట్టి చూడండి. తిరుమల కథ వస్తుంది. మీ పక్క ఊరి కథ కూడా వస్తుంది.

అన్ని చోట్లా ఒకే కథ ఉంటే ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టారనుకోవడం తేలిక. నాకది సరిపోదు. పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ కథలో మొదటి సన్నివేశం దేవుడిది కాదు, దొంగతనానిది. సందెవేళ దూడను వదిలి, చేపు వచ్చాక చెంబు పెట్టి కూర్చుంటే పొదుగు మెత్తగా, ఖాళీగా చేతికి తగులుతుంది. పొద్దున మూడు శేర్లు ఇచ్చిన ఆవు. ఇంట్లో అందరి చూపూ ముందు ఎవరి మీదికి పోతుంది? కాపరి మీదికి. చేలోనే పితుక్కుని తాగాడనో, ఎవరికో పోశాడనో అనుమానం. పాపం వాడు మర్నాడు ఆవు తోక పట్టుకుని తిరిగేది భక్తితో కాదు, తన మీద పడ్డ నింద పోగొట్టుకోవడానికి. ఆ వెతుకులాటలో దేవుడు దొరికాడు.

ఊరికి రుజువు కావాలి. ఒక బండ చూపించి ఇది దేవుడు అంటే ఎవరు నమ్ముతారు? అన్నవాడికి ఏదో లాభం ఉందనుకుంటారు. లాభం లేని సాక్షి కావాలి. ఆవుకు మాన్యం అక్కర్లేదు, పూజారి ఉద్యోగం అక్కర్లేదు, వచ్చే ఎన్నికల్లో నిలబడదు. పైగా తన బిడ్డకు పోవాల్సిన పాలు పోస్తోంది. అంతకంటే నమ్మదగ్గ సాక్ష్యం పల్లెలో ఏముంటుంది? కాపరి, చిన్నపిల్ల, మూగవాడు, ఇట్లాంటివాళ్ళే మన కథల్లో ముందు చూస్తారు. చూసినదాన్ని అమ్ముకోవడం వాళ్ళకు రాదని ఊరి నమ్మకం.

రెండో రుజువు రక్తం. కాపరి మాటను ఊరంతా వచ్చి కళ్ళతో చూసి ఒప్పుకోవడానికి అది. ఇక మూడోది కల. ఇది ఎప్పుడూ కాపరికి రాదు, గమనించారా? రెడ్డికో, రాజుకో, కరణానికో వస్తుంది. కట్టించడానికి డబ్బున్నవాడికే కల రావాలి మరి. చూసినవాడు ఒకడు, కట్టించినవాడు ఇంకొకడు, ఇద్దరికీ పేరు దక్కేట్టు కథ జాగ్రత్తగా పంచింది.

మెట్టలో మంద దారిలో బయటపడే దేవుడు, ఏటి ఒడ్డున నీళ్ళలో కొట్టుకొస్తాడు. సూళ్ళూరుపేట చెంగాళమ్మ కాళంగి ఏట్లో పశులకాపర్లకు దొరికిందంటారు. ఆమె గుడికి తలుపులు ఉండవు, అమ్మకే ఇష్టం లేదని చెబుతారు. శ్రీహరికోట రాకెట్ల పుణ్యమా అని ఇప్పుడు ఆమె పేరు దేశమంతా తెలుసు. సముద్రం దాకా పోతే విడవలూరు వైపు రామతీర్థంలో ఏకంగా రాముడే లింగాన్ని నిలబెట్టాడు. నేల మారితే దేవుడు వచ్చే దారి కూడా మారుతుంది.

ఋషి చివర్న వచ్చి ముందు కూర్చుంటాడు

కథలో కాలం ప్రకారం అందరికంటే ముందు ఋషి ఉంటాడు. కథ తయారైన వరస చూస్తే చాలాచోట్ల ఆయనే చివరివాడని నా అనుమానం. కాపరి కథ ఊరిది, దాని పేరు ఊరి పొలిమేర దాటదు. ఋషి వస్తే గుడి పురాణాల లెక్కలోకి ఎక్కుతుంది, పొరుగూరి గుడితో బంధుత్వం కలుస్తుంది.

జొన్నవాడ కశ్యపుడి యజ్ఞమే తీసుకోండి. ఆ యజ్ఞంలో మూడు అగ్నుల నుంచి ముగ్గురు దేవుళ్ళు వెలిశారంటారు. జొన్నవాడలో మల్లికార్జునుడు, నరసింహకొండ మీద నరసింహుడు, నెల్లూరులో తల్పగిరి రంగనాథుడు. ముగ్గురూ పెన్న వెంబడే ఉన్నారు. ఒకరు శైవం, ఇద్దరు వైష్ణవం. ఒక్క యజ్ఞంతో మూడు గుళ్ళు అన్నదమ్ములయ్యాయి. శైవులూ వైష్ణవులూ తన్నుకుచచ్చిన కాలాలు మన చరిత్రలో ఉన్నాయి. నెల్లూరులో మనుమసిద్ధి దగ్గరున్న తిక్కన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చింది ఆ నేపథ్యంలోనే. కశ్యపుడి కథ ఏ కాలానిదో గానీ అది చేసే పనీ అదే.

కందుకూరు వైపు మాలకొండది ఇంకో తరహా. వలేటివారిపాలెం మండలంలో కొండ మీద నరసింహస్వామి. విష్ణువు మెడలోని వనమాలే కొండగా మారి మాల్యాద్రి అయిందని, అగస్త్యుడు ఇక్కడ తపస్సు చేశాడని కథ. ఈ గుడి వారానికి ఒక్కరోజే, శనివారం మాత్రమే తెరుస్తారు. మిగతా ఆరు రోజులూ దేవతలకూ ఋషులకూ, ఒక్క శనివారం మనుషులకు అని చెబుతారు. ఆరు రోజులు జనం ఎక్కని అడవి కొండ మీద వారానికోసారి పూజ జరగడం అనే మామూలు సంగతికి ఈ కథ ఎంత గొప్ప కారణం ఇచ్చిందో చూడండి. పూజ లేదని కాదు, మన వంతు కాదు. ఇప్పుడు కొండ మీదికి రోడ్డుంది, బస్సులున్నాయి. శనివారం మాత్రం మారలేదు. ఆచారాన్ని వివరించడానికి వచ్చిన కథే ఆ ఆచారానికి కాపలాగా మిగిలింది.

కథ కింద కాగితం

ఇంతకీ ఈ కథలు రాసిపెట్టింది ఎవరు? 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు సర్వే అధికారి కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర కూర్చుని రాయించుకున్న ఊరి చరిత్రలు, కైఫీయతులు, మనకు దొరికే పెద్ద ఆధారం. కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆ పనిలో ముఖ్యులు. ఒక్క కైఫీయతు చదివినా ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దేవుడు ఎట్లా వెలిశాడో చెప్పి, కలం ఎత్తకుండానే ఏ రాజు ఎంత భూమి ఇచ్చాడో, హద్దులేమిటో, ఎవరెవరికి ఏ మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఉందో చెప్పుకుంటూ పోతారు. మనం ఇప్పుడు భక్తి ఒక అరలో, రెవెన్యూ ఒక అరలో పెడతాం. కరణానికి రెండూ ఒకే కవిలె, ఒకే లెక్కల పుస్తకం.

అందుకే స్థలపురాణాన్ని నేను సగం దస్తావేజులా చదువుతాను. తిరణాలలో తొలి టెంకాయ ఎవరు కొట్టాలి, పల్లకీ ముందు కొమ్ము ఎవరు మొయ్యాలి, తొలి తీర్థం ఎవరికి, బలి ఎవరి చేతుల మీదుగా జరగాలి, వీటన్నిటికీ జవాబు కథలోనే ఉంటుంది. వెంకటగిరి పోలేరమ్మ జాతర దీనికి మంచి ఉదాహరణ. 2022లో జిల్లాల విభజనతో వెంకటగిరి తిరుపతి జిల్లాకు పోయింది గానీ నెల్లూరువాళ్ళకు ఆ జాతర ఇంకా తమదే. అక్కడ అమ్మవారు రాతిలో వెలిసిన దేవత కాదు. ఏటా మట్టితో చేస్తారు, జాతర అయ్యాక ఆ ప్రతిమ ఉండదు. అమ్మ రూపం తయారయ్యేది కుమ్మరింట, అది పుట్టిల్లు. కళ్ళూ దిష్టిచుక్కా పెట్టేది చాకలి మండపంలో, అది మెట్టినిల్లు. ఊరికి ఎంత పెద్ద రాజులున్నా అమ్మ పుట్టింటివాళ్ళు ఎవరంటే కుమ్మరివాళ్ళే. పుట్టిల్లు, మెట్టినిల్లు అన్న రెండు మాటల్లో రెండు కులాల హక్కు ఏటా రిజిస్టరవుతోంది.

ఇంగ్లీషు ప్రభుత్వం వచ్చాక అసలు రిజిస్టర్లే వచ్చాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో, దానంగా ఇచ్చిన భూముల లెక్క తేల్చడానికి, ఇనాం కమిషన్ ఏర్పడింది. ఏ భూమి ఏ పనికి ఇచ్చారు, ఎవరు అనుభవిస్తున్నారు, ఆధారమేమిటి అని ఊరూరా అడిగి రాశారు. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు కోసం ఇవాళ్టికీ జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. దేవుడి మాన్యం కేసుల్లో దానికున్న విలువ అట్లాంటిది. తర్వాత 1987లో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం వచ్చి అర్చకుల, మిరాశీదారుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. సుప్రీంకోర్టు 1996లో దాన్ని సమర్థించింది. 2007 సవరణతో అర్చక కుటుంబాలకు కొంత ఊరట దొరికింది. గుడి కట్టించినవాళ్ళ కుటుంబానికి మాత్రం చట్టంలో ప్రత్యేకంగా చోటుంది. చూశారా, చట్టం అడిగేది కట్టించినవాణ్ణి. ముందు చూసినవాడి గురించి దానికి పట్టింపు లేదు. గొల్లబోయకు అక్కడా చోటు దొరకలేదు.

కథతో పనిలేకుండా తారీఖుతో సహా తెలిసిన దేవుడు కూడా ఈ జిల్లాలో ఒకాయన ఉన్నాడు. ఉన్నాడు కాదు, ఉండేవాడు. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి కోటను గెలిచాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయాడు, దానికోసం పెద్ద గుడే కట్టించాడు. హంపికి ఆ గుడి పుట్టుక శాసనంతో సహా తెలుసు. ఆవు లేదు, పుట్ట లేదు, కల లేదు, ముట్టడి ఉంది. ఉదయగిరికి మిగిలింది ఖాళీ గుడి.

మా అమ్మగారి ఊరి గొడవ

ఇన్ని చదివినా, కథ తయారవుతుంటే కళ్ళారా చూసింది మాత్రం ఒక్కసారే. మా అమ్మగారి ఊరు ప్రకాశం జిల్లా మెట్టలో ఉంది. పోలేరమ్మ అంటే వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, చుట్టూ మోకాలెత్తు గోడ. కొలుపులు పెట్టుకున్నప్పుడు తొలి పొంగలి కుండ ఎవరిదన్న దాని మీద గొడవొచ్చింది. పై వీధి వాళ్ళు తమ ముత్తాత నాగలి కర్రుకు తగిలి అమ్మ బయటపడిందన్నారు. కింద వీధి వాళ్ళు కాదు, మా ఆవు పాలు పోసిన చోటు అది అన్నారు. రెండు పక్షాలూ ఒకరి కథను ఒకరు అబద్ధమనలేదు. "మీది తర్వాత సంగతి" అన్నారు, అంతే. రెండు గంటలసేపు రచ్చబండ దగ్గర ఒకటే టెన్షన్, మా మామయ్య చొక్కా బొత్తాలు తెగేదాకా వచ్చింది.

రిటైరైన ఒక టీచరు గారు ఇంటికి పోయి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జిరాక్సు తెచ్చాడు. ఇనాం రిజిస్టరు నకలు. అందులో ఆవూ లేదు, నాగలీ లేదు. గ్రామదేవత పూజకు కొద్దిపాటి మెట్ట, అనుభవదారు కుమ్మరి. రెండు వీధులూ ఒక్కసారి చల్లబడ్డాయి. ఆ కుమ్మరి వంశంలోని పూజారి తాత అక్కడే చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆ భూమి చేతులు మారి ఎంతకాలమైందో ఆయనకే బాగా తెలుసు, ఆ ఊసు ఎత్తలేదు. బీడీ ఆర్పి మెల్లగా అన్నాడు: "ఎందుకయ్యా కొట్టుకుంటారు? కింద వీధి ఆవు పాలు పోసింది. ఆ తడికి నేల మెత్తబడింది. మెత్తబడ్డచోట పై వీధి నాగలి దిగింది. అమ్మకు దెబ్బ తగిలితే మా తాత కుండతో నీళ్ళు తెచ్చి కడిగాడు."

ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడు రెండు వీధుల కుండలూ ఒకేసారి దించారు, రెండూ తాత చేసినవే.

తర్వాత కొలుపులకు పోయేసరికి వేపచెట్టు చుట్టూ టైల్స్ వచ్చాయి. కింద వీధి కుర్రాడొకడు మైకు పట్టుకుని అమ్మవారి చరిత్ర చదువుతున్నాడు. ఆవు వచ్చింది, తడి వచ్చింది, నాగలి వచ్చింది, కుండ కూడా వచ్చింది. "సుమారు రెండు వేల సంవత్సరాల క్రితం" అని మొదలుపెట్టాడు. నేను పూజారి తాత వైపు చూశాను. తన తాత అంత వెనక్కి పోయినందుకు ఆయనేమీ అనలేదు, కుండ మూతికి పసుపుదారం చుట్టుకుంటున్నాడు.